ఐదు లక్షల యాభై

చందానగర్‌లో కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లకు కాలనీ పేరు కంటే ముందే నోటికొచ్చేది పిన్‌కోడ్. గ్యాస్ కనెక్షన్‌కు అదే, ఆధార్‌లో అడ్రసు మార్పుకు అదే, అర్ధరాత్రి తెప్పించుకునే బిర్యానీకీ అదే. కొరియర్ కుర్రాడు ఫోన్ చేస్తే ‘ఫైవ్ ట్రిపుల్ జీరో ఫైవ్ జీరో’ అని గడగడా అప్పజెప్పేస్తారు. 500050. మన లెక్కలో చదివితే ఐదు లక్షల యాభై. అలా చదివేవాళ్లు మాత్రం ఎక్కడా కనపడరు. పిన్‌కోడ్‌ను ఎవరూ కూడరు, తీసివేయరు, భాగించరు. రైల్వే కూలీ చొక్కా మీది బిళ్లలాగా అది గుర్తుపట్టడానికే తప్ప లెక్క కట్టడానికి కాదని అందరి నమ్మకం.

పంపకం జరిగిన తీరు చూస్తే ఆ నమ్మకాన్ని తప్పుపట్టలేం. పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. దాని రూపకర్త శ్రీరామ్ భికాజీ వేలణ్కర్ కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో ఉన్నతాధికారి, పైగా సంస్కృత కవి. గణాలు లెక్కపెట్టే అలవాటున్నవాడు కాబట్టే దేశం మొత్తాన్ని ఆరంకెల్లో ఇమిడ్చాడేమో! మొదటి అంకె 5 అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. చివరి మూడంకెలు పోస్టాఫీసువి. అబిడ్స్ జీపీఓ 500001. ఆ లెక్కన పంచుకుంటూ పోతుంటే మియాపూర్ వాటాకు 49, చందానగర్ వాటాకు 50 వచ్చాయి. ఇందులో ఎవరి దూరదృష్టీ లేదు, ఎవరి జాతకబలమూ లేదు. గుమాస్తా కలం ఒక్క గడి అటుగా పడి ఉంటే చందానగర్ 500051 అయ్యేది.

అయితే ఒకసారి అంకె పడ్డాక దాని గుణగణాలు గుమాస్తా చేతిలో ఉండవు, తపాలా శాఖ చేతిలోనూ ఉండవు.

ముందు తేలిక సంగతి. 500050ని 365తో భాగిస్తే సరిగ్గా 1370 వస్తుంది, శేషం లేదు. లీపు సంవత్సరాల్ని పక్కనపెడితే ఐదు లక్షల యాభై రోజులంటే నిండుగా 1370 ఏళ్లన్నమాట. టీవీ జ్యోతిష్కుల చెవిన పడితే దీనితో ఒక అరగంట కార్యక్రమం నడిచిపోతుంది. నిజానికి ఇందులో క్యాలెండర్ మహిమ ఏమీ లేదు. 365 అంటే 5 × 73. పని చేస్తున్నది ఆ 73. చందానగర్ పిన్‌కోడ్‌ను ఇక విడగొట్టడానికి వీల్లేనంత వరకు విడగొడితే మిగిలేవి ఇవి: 2, 5, 5, 73, 137. ఈ ఐదింటినీ గుణిస్తే మళ్లీ 500050. ఇంకే ప్రధాన సంఖ్యలతోనూ ఆ గుణకారం రాదు.

అదే జ్యోతిష్కులు అంకెలు కూడి, 5కి 5 కలిపితే 10, ఒకటికి సున్నా కలిపితే 1, సూర్యుడి సంఖ్య అని తేలుస్తారు. తెలియకుండానే వాళ్లు కొంత నిజమైన గణితం చేస్తున్నారు. అలా అంకెలు కూడుకుంటూ పోతే తేలేది, ఆ సంఖ్యను 9తో భాగిస్తే మిగిలే శేషమే. శేషం సున్నా అయితే 9 వస్తుంది. కాబట్టి వరసగా ఏ తొమ్మిది సంఖ్యలు తీసుకున్నా వాటిలో ఒకదానికి సూర్యుడు దక్కి తీరతాడు. ఇంత చవకగా దొరికే సూర్యుడి కోసం ఇంటి నంబర్లు మార్చుకోవడం దండగ.

తిరిగి 73 దగ్గరికి వద్దాం. దాన్ని 137తో గుణిస్తే 10001 వస్తుంది. ఏ నాలుగంకెల సంఖ్యనైనా 10001తో గుణిస్తే అదే సంఖ్య పక్కపక్కన రెండుసార్లు పడుతుంది: 1972 కాస్తా 19721972 అవుతుంది. దీంతో పిల్లల్ని కాసేపు ఆశ్చర్యపెట్టవచ్చు. మనసులో ఒక నాలుగంకెల సంఖ్య అనుకోమనాలి, దాన్ని రెండుసార్లు కలిపి రాయమనాలి, వచ్చిన ఎనిమిదంకెల సంఖ్యను 73తో భాగించమనాలి, ఆ వచ్చినదాన్ని 137తో భాగించమనాలి. రెండుసార్లూ శేషం ఉండదు, చివర మిగిలేది వాళ్లు మొదట అనుకున్న సంఖ్యే. చందానగర్ పిన్‌కోడ్ కూడా ఈ బాపతే. యాభైని నాలుగంకెల్లో 0050 అని రాసి, పక్కనే మళ్లీ 0050 అని రాస్తే వచ్చేది అదే. ముందున్న రెండు సున్నాలు లెక్కలోకి రావు కాబట్టి మన కంటికి ఆ జంట కనపడదు.

ఈ 10001కి ఇంకో ముఖముంది. ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో కారుకు 9999 నంబరు కావాలని వేలంలో లక్షలు కుమ్మరించే ఆసాములకు హైదరాబాద్‌లో కొదవ లేదు. ఆ 9999ని 10001తో గుణిస్తే 99999999 వస్తుంది, ఎనిమిది తొమ్మిదులు. 1ని 73తో భాగించినా 137తో భాగించినా దశాంశాలు ఎనిమిదంకెలకొకసారి మొదటికి రావడానికి కారణం అదే. 1ని 137తో భాగిస్తే 0.00729927 00729927... అని తిరుగుతూ ఉంటుంది. ఆ 729927ను ఎటు నుంచి చదివినా ఒకటే. 9999ని విడగొడితే 9, 11, 101. కొనేవాళ్లకు ఈ సంగతి తెలిసినా తెలియకపోయినా ధర తగ్గదు. 10001కి నంబరు ప్లేటు మీద చోటే లేదు, అది ఐదంకెలది.

73 విలువ తెలిసినవాళ్లు మన దగ్గర ఏనాడో ఉన్నారు. తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలపు జైన గణితవేత్త మహావీరాచార్యుడు తన ‘గణితసార సంగ్రహం’లో గుణకారం నేర్పుతూ హారాల్లాంటి జవాబులొచ్చే లెక్కలు కొన్ని ఇచ్చాడు. వాటిలో ఒకటి 152207 × 73. జవాబు 11111111. ఆ మొదటి సంఖ్యను విప్పితే 1111 × 137 అని తేలుతుంది, అంటే చందానగర్‌లో కాపురమున్న 73, 137లే ఆ హారానికీ దారం. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మనకు దక్కిన తొలి గణిత గ్రంథం అదే. బడిపిల్లాడు గుణకారం మీద విసుక్కోకుండా చూడాలంటే జవాబు అందంగా రావాలన్న తెలివిడి పాతకాలపు పంతులు మహావీరాచార్యుడికి ఉంది. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఇది తగ్గింది.

ఇక అసలు వైభవం వర్గాల్లో ఉంది. ఒక సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలమా అన్నది పాత ప్రశ్న. 73 అంటే 8 వర్గం, 3 వర్గం కలిస్తే వచ్చేది, 64, 9. 137 అంటే 11 వర్గం, 4 వర్గం; 121, 16. నాలుగుతో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యకూ ఇలాంటి జంట ఒకటి, ఒకే ఒకటి ఉంటుంది. నాలుగుతో భాగిస్తే 3 మిగిలేవాటికి అసలుండదు. ఫ్రాన్సులో ఫెర్మా పదిహేడో శతాబ్దిలో ఈ మాట చెప్పాడు, ఆయిలర్ పద్దెనిమిదో శతాబ్దిలో నిరూపించాడు. రెండు జంటల్ని గుణించి కొత్త జంటల్ని పుట్టించే సూత్రం అంతకు చాలా ముందే, 628లో, బ్రహ్మగుప్తుడి పుస్తకంలో ఇంకా విశాలమైన రూపంలో ఉంది. 8, 3 జంటనూ 11, 4 జంటనూ అడ్డంగానూ ఐమూలగానూ గుణించి ఒకసారి కూడితే, ఒకసారి తీసివేస్తే 10001కి రెండు జంటలు పుడతాయి: 100, 1 ఒకటి, 76, 65 ఇంకోటి. వాటికి 50కి ఉన్న రెండు జంటలూ (7, 1; 5, 5) తోడైతే చందానగర్ పిన్‌కోడ్ ఆరు విధాలుగా రెండు వర్గాల మొత్తమవుతుంది. 495, 505 ఒక జంట. 55, 705 ఇంకొకటి. తర్వాత 107, 699; 93, 701; 467, 531; 379, 597. ఏ జంటనైనా ఫోన్‌లోని కాలిక్యులేటర్‌లో వర్గాలు కట్టి కూడి చూసుకోవచ్చు, ప్రతిసారీ 500050 వస్తుంది. ఏడో జంట లేదు.

ఇరుగుపొరుగుతో పోల్చినప్పుడు ఈ ఆరు ఎంతటి సంపదో తెలుస్తుంది. గచ్చిబౌలి పిన్‌కోడ్ 500032 రెండు విధాలుగా మాత్రమే వస్తుంది: 496, 504; 264, 656. మెట్రో స్టేషనుతో కాస్త మిడిసిపడే మియాపూర్ 500049 ఒక్క విధంగానూ రాదు. పైకి చూస్తే దాన్ని నాలుగుతో భాగిస్తే 1 మిగులుతుంది, ఆశ పెడుతుంది. విడగొట్టాక గుట్టు బయటపడుతుంది: 9 × 11 × 5051. ఆ 11కీ, 5051కీ నాలుగుతో భాగిస్తే 3 మిగులుతుంది. అలాంటి ప్రధాన సంఖ్య బేసిసార్లు ఉంటే దారి మూసుకున్నట్టే. అందరూ రామానుజన్ టాక్సీ నంబరు 1729 గురించే మాట్లాడతారు, దానికి ఇప్పటికే చాలా సిరా ఖర్చయింది. అది రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా వచ్చే సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది, కాబట్టి ఆ పేరు దానికి తగినదే. ఇంటి పిన్‌కోడ్‌లో ఆరు జంటలున్న ఊరివాళ్లు టాక్సీ నంబరు కోసం లండన్ దాకా పోనక్కర్లేదన్నదే ఇక్కడి మాట.

మాదాపూర్, హైటెక్ సిటీలది ఇంకో కథ. అక్కడి పిన్‌కోడ్ 500081. వర్గాల జంటలు దానికీ లేవు. దానికి కారణాంకాలు కనిపెట్టాలని చిన్న ప్రధాన సంఖ్యల నుంచి ఒక్కొక్కటే వేసి చూస్తే 2, 3, 5, 7... ఏదీ పోదు. వందలోపువి అయిపోయినా లాభముండదు. నలభై ఎనిమిది ప్రధాన సంఖ్యలు విఫలమయ్యాక నలభై తొమ్మిదోది, 227, పనిచేస్తుంది: 227 × 2203. రెండూ ప్రధాన సంఖ్యలే. అంతే, ఇంకేమీ లేదు. ఇందులో 2203కి గణిత చరిత్రలో పేరుంది. రెండును 2203 సార్లు వేసి గుణించి అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చే 664 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య అని రఫాయెల్ రాబిన్సన్ 1952లో తేల్చాడు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో స్వాక్ అనే తొలితరం కంప్యూటర్ కోసం ఆయన రాసిన ప్రోగ్రామ్ ఆ పని చేసింది.

రెండే రెండు ప్రధాన సంఖ్యల గుణకారం అన్న సంగతి వినగానే హైటెక్ సిటీ ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు చాలామంది తల ఊపుతారు. వాళ్ల రోజువారీ వృత్తిలో ఒక మూలస్తంభం అదే. 1977లో రివెస్ట్, షమీర్, ఆడల్మన్ అనే ముగ్గురు రహస్య సందేశాల కోసం ఆర్ఎస్ఏ పద్ధతిని తయారుచేశారు. దానిలో తాళం రెండు పెద్ద ప్రధాన సంఖ్యల గుణకారం, తాళంచెవి ఆ రెండు సంఖ్యలు. గుణించడం క్షణంలో పని. గుణించి వచ్చినదాన్ని చూపించి ఆ రెండూ ఏవో చెప్పమంటే కంప్యూటర్లకే చెమటలు పడతాయి. ఆ ఏడాదే ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో 129 అంకెల సంఖ్య ఒకటి సవాలుగా అచ్చయింది. దాన్ని 1994లో సుమారు 600 మంది స్వచ్ఛంద కార్యకర్తల కంప్యూటర్లు కలిసి విడగొట్టాయి. ఇదే కోవకు చెందిన 250 అంకెల సంఖ్య 2020లో లొంగింది. ఇప్పుడు మామూలుగా వాడే తాళాలు 617 అంకెలవి. అంత పెద్ద సంఖ్య ఇంతవరకు ఎవరికీ లొంగలేదు.

ఒక సంఖ్య ప్రధానమా కాదా చెప్పడం మాత్రం తేలికే. ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగర్వాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా 2002లో దానికి ఏ సంఖ్య విషయంలోనూ తడబడని, త్వరగా ముగిసే పద్ధతి కనిపెట్టి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. ఆ పద్ధతి ‘ఇది విడిపోతుంది’ అని చెబుతుంది, ఎలా విడిపోతుందో చెప్పదు.

పెద్ద సంఖ్యల్ని విడగొట్టే పనిలో చందానగర్ జాతి సంఖ్యలే పనిముట్లు. తన వర్గమూలాన్ని మించిన ప్రధాన కారణాంకం లేని సంఖ్యను నున్నటి సంఖ్య అనుకుందాం. 500050 వర్గమూలం సుమారు 707, దాని కారణాంకాల్లో పెద్దది 137. బాగా నున్నటిది. గచ్చిబౌలిలో పెద్దది 601, అదీ పాసే. మియాపూర్ 5051 దగ్గర, మాదాపూర్ 2203 దగ్గర గరుకు తేలతాయి. పెద్ద సంఖ్యల్లో నూటికి ఎన్ని ఇలా నున్నగా ఉంటాయి? సుమారు 31. హద్దును వర్గమూలం దగ్గర కాక ఇంకెక్కడ పెట్టినా ఆ వాటా ఎంతో చెప్పే సూత్రాన్ని స్వీడన్‌కు చెందిన కార్ల్ డిక్‌మన్ 1930లో ప్రకటించాడు. రామానుజన్ పోయిన చాలా ఏళ్లకు బయటపడ్డ ఆయన కాగితాల్లోనూ దాని ఛాయలున్నాయి. దానికి గట్టి నిరూపణ ఇచ్చింది మాత్రం వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన వి. రామస్వామి, 1949లో. అప్పటికి ఆ ఫలితంతో ఎవరికీ పనిలేదు. ముప్ఫై ఏళ్లు గడిచాక, 1981లో, కార్ల్ పొమెరాన్స్ నున్నటి సంఖ్యల్ని జల్లెడ పట్టి పెద్ద సంఖ్యల్ని పగలగొట్టే పద్ధతి చెప్పాడు. ఆ 129 అంకెల సంఖ్యను 1994లో పడగొట్టింది ఆ పద్ధతే. విశాఖ సముద్రం ఒడ్డున కూర్చుని నున్నటి సంఖ్యల్ని లెక్కగట్టిన ఆ పెద్దమనిషి పేరు హైటెక్ సిటీలో ఒక్క వీధికైనా పెట్టి ఉంటే బాగుండేది.

చందానగర్ సంఖ్యకు ఒక లోటు ఉంది, అది దాచకూడదు. ఒక సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యల్లో దాన్ని తప్ప మిగతావన్నీ కూడితే ఆ సంఖ్యే వచ్చినప్పుడు దాన్ని పరిపూర్ణ సంఖ్య అంటారు. 6కు 1, 2, 3; కూడితే 6. 28 కూడా అంతే. 500050ని భాగించేవి 24. దాన్ని వదిలేసి మిగతా 23 కూడితే 449666. ఇంకా 50384 తక్కువ.

పరిపూర్ణ సంఖ్యల మీద గ్రీకుల కాలం నుంచి పని జరుగుతోంది. వాటికి ఒక కొత్త కొమ్మను పెంచినవాడు మన తెలుగువాడు. మాతుకుమల్లి వెంకట సుబ్బారావు 1921లో అప్పటి గుంటూరు జిల్లా యాజలి గ్రామంలో పుట్టాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివాడు, అక్కడా తిరుపతి శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పాడు, 1963లో కెనడా ఎడ్మంటన్‌లోని అల్బెర్టా విశ్వవిద్యాలయానికి చేరి మిగతా ఉద్యోగ జీవితమంతా అక్కడే గడిపాడు. సంఖ్యలతో తీరని సావాసం ఆయనది. గణితవేత్త పాల్ ఏర్దోష్‌తో కలిసి పత్రాలు రాశాడు. ఆయన కొడుకు మాతుకుమల్లి విద్యాసాగర్ కంట్రోల్ సిద్ధాంతంలో పేరున్న శాస్త్రవేత్త, రాయల్ సొసైటీ ఫెలో. హైదరాబాద్‌లో టీసీఎస్ పరిశోధన విభాగాన్ని నడిపి, తర్వాత ఐఐటీ హైదరాబాద్‌లో ఆచార్యుడయ్యాడు. చందానగర్ మీదుగా పోయే ముంబయి హైవే మీదే ముందుకు సాగితే ఆ ఐఐటీ ఉన్న కంది వస్తుంది.

సుబ్బారావు పెట్టిన నియమం ఒకటే. భాజకాలన్నీ కూడవద్దు; ఏ భాజకం తీసుకున్నా, దానికీ అసలు సంఖ్యను దానితో భాగిస్తే వచ్చేదానికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. అలాంటివాటిని యూనిటరీ భాజకాలంటారు. 60కి అలాంటివి, 60ని వదిలేస్తే, 1, 3, 4, 5, 12, 15, 20. కూడితే సరిగ్గా 60. ఈ కొలతలో 28 ఓడిపోయింది, 60 గెలిచింది. 1966లో సుబ్బారావు, ఎల్.జె. వారెన్ కలిసి కెనడా గణిత పత్రికలో రాసిన వ్యాసంలో ఇలాంటి నాలుగు సంఖ్యలు చూపించారు: 6, 60, 90, 87360. బేసి సంఖ్య ఒక్కటీ ఈ గుంపులో చేరలేదనీ నిరూపించారు.

ఐదోది ఎక్కడ? అది 1975లో అదే పత్రికలో చార్లెస్ వాల్ రాసిన వ్యాసంలో అచ్చయింది.

1,46,36,19,46,18,64,58,56,25,60,000.

ఇరవై నాలుగంకెలు. నోటితో చెప్పాలంటే 146 కోట్ల కోట్ల కోట్ల పైచిలుకు. 87360 తర్వాత ఇంత దూరాన ఉన్నదీ సంఖ్య. దీన్ని విడగొడితే రెండు పద్దెనిమిది సార్లు, ఐదు నాలుగుసార్లు, తర్వాత 3, 7, 11, 13, 19, 37, 79, 109, 157, 313 ఒక్కొక్కసారి. సుబ్బారావు కొలతలో ఇది పరిపూర్ణమో కాదో చూడ్డానికి కంప్యూటరు అక్కర్లేదు, కాగితం పెన్సిలు చాలు. ఒక్కో ప్రధాన సంఖ్య తాలూకు ముక్కకు ఒకటి కలపాలి, అన్నీ గుణించాలి, అసలు సంఖ్యకు రెండింతలు రావాలి. అదే పరీక్ష.

ఆ ముక్కలు ఒకదాని చేతిలోంచి ఒకటి అందుకునే తీరు చూడండి. ఐదును నాలుగుసార్లు గుణిస్తే 625. ఒకటి కలిపితే 626, అది రెండు 313లు. 313కి ఒకటి కలిపితే 314, రెండు 157లు. 157కి ఒకటి కలిపితే 158, రెండు 79లు. 79కి ఒకటి కలిపితే 80, అంటే పదహారు ఐదులు. మళ్లీ ఐదు దగ్గరికి చేరింది. ఇంకో వైపు, రెండును పద్దెనిమిది సార్లు గుణించి ఒకటి కలిపితే 262145, అది 5 × 13 × 37 × 109. 109కి ఒకటి కలిపితే 110, అందులో ఒక ఐదు, ఒక 11. ఆ 11 పన్నెండై 3ని ఇస్తుంది, 3 నాలుగై రెండులుగా కరిగిపోతుంది. 37 ముప్ఫై ఎనిమిదై 19ని ఇస్తే, 19 ఇరవై అయి ఇంకో ఐదును ఇస్తుంది. 13 పద్నాలుగై 7ని, 7 ఎనిమిదై మూడు రెండుల్ని. చివర లెక్క చూస్తే ప్రతి ప్రధాన సంఖ్య తన వాటా తాను తెచ్చుకుంది: ఐదులు సరిగ్గా నాలుగు, రెండులు పందొమ్మిది. కావలసింది పద్దెనిమిదికి ఒకటి ఎక్కువ, అదే రెండింతలు. ఎక్కడా ఒక్క అంకె మిగల్లేదు, తగ్గలేదు. ఎవరో కూర్చుని అల్లినట్టున్న ఈ బిగింపును ఎవరూ అల్లలేదు. అది ఉంది, వాల్ దాన్ని చూశాడు. వేలంలో లక్షలు పలికే నంబర్లన్నీ ఒక పక్కన పెట్టినా ఈ ఒక్క సంఖ్యకు సాటిరావని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

ఇలాంటివి ఎన్నో లేవని, ఎక్కడో ఒకచోట ఆగిపోతాయని సుబ్బారావు ఊహించాడు. ఆ ఊహ నిజమో కాదో తేల్చినవాళ్లకు కార్లిట్జ్ అనే గణితవేత్త, ఏర్దోష్, సుబ్బారావు కలిసి పది డాలర్లు ప్రకటించారు. కొత్త సంఖ్య పట్టుకొచ్చినవాళ్లకు సుబ్బారావు తన తరఫున ఒక్కోదానికి పది సెంట్లు ఇస్తానన్నాడు. ఆయన 2006 ఫిబ్రవరి 15న కన్నుమూశాడు. అప్పటికి ఆ పది సెంట్లు అడిగినవాళ్లు లేరు, ఇప్పటికీ లేరు.

ఖాళీ రాత్రుల్లో ఆఫీసు కంప్యూటర్లను ఊరికే తిప్పే కుర్రాళ్లెవరైనా ఈ వేటకు దిగితే మూడు సంగతులు గుర్తుంచుకుంటే శ్రమ తగ్గుతుంది. బేసి సంఖ్యల జోలికి పోవద్దు, అక్కడ ఏమీ లేదని యాజలి మాస్టారు ఎప్పుడో తేల్చేశాడు. బేసి భాగంలో ఏ ప్రధాన సంఖ్యా రెండోసారి రాని వాటిని కూడా వదిలెయ్యండి. ఆ కోవలో 6, 60, 87360 తప్ప ఇంకేమీ లేవని ఎస్.డబ్ల్యు. గ్రాహమ్ 1989లో నిరూపించాడు. మిగిలిన వాటిలో కనీసం తొమ్మిది వేర్వేరు బేసి ప్రధాన సంఖ్యలున్న వాటినే చూడండి, అంతకంటే తక్కువ ఉన్నవి కొత్తగా దొరకవని 1988లో వాల్ చూపించాడు. ఆరోది ఉందో లేదో మాత్రం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.